రేకు మీది గీతలు

కాగితంలో మొదటి ప్రశ్న, మీదే ఊరు.
నేను దాన్ని అడుక్కి జరిపించినాను.
ఊరడిగితే మనిషి లేచి నిలబడతాడు,
కార్డు కోసం సంచీ వెతుకుతాడు.
ముందు అడగాల్సింది
ఈ పూట ఏం వండినారని.

సర్జాపుర రోడ్డు వెనక, ఇంకా ఎవరూ కాపురానికి రాని టవర్ల నీడలో
నూట పద్దెనిమిది రేకు గదులు.
ఆదివారం ట్యాంకరు వచ్చిపోయినాక బయల్దేరతాం:
తట్ట మోసే నేను, పత్తికొండ సుంకులమ్మను,
సెంట్రింగు దురుగప్పది రాయచూరు,
రహిమా ఊరు ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి రాదు,
తొమ్మిదిలో బడి మానిన మా ఈరమ్మ రాస్తుంది.

ఒప్పుకున్న కూలి ఒక గడి.
చేతికొచ్చిన కూలి ఒక గడి.
నడుమ స్కేలు పెట్టి కొట్టిన సన్న గీత.
"మా దుడ్డంతా దీంట్లోనే పడిపోయిందేమో చూడు పాపా"
అన్నాడొక ముసలాయన. నవ్వినాం.

రాత్రిపూట బయటికి ఎటు పోతారు?
ఇది రహిమా చేర్చిన ప్రశ్న.
మగోళ్ళు బీడీ కోసం లేచిపోయినారు.
ఆడోళ్ళు చాలాసేపు పొయ్యిని చూసినారు.
"పొద్దు గూకితే నేను నీళ్ళు తాగను" అనింది ఒకామె.
ఈరమ్మ పెన్ను ఆపింది, ఇది ఏ గడిలో రాయాల?
పక్క గదిలో అదే మాట. ఆ పక్కనా.
వెనక అట్ట మీద కొత్త గడి గీసినాం.
అరవై మూడు.

మద్దమ్మకు అక్షరం రాదు.
గది లోపల రేకు మీద బొగ్గుతో
దినానికి ఒక గీత, పూట పనికి సగం గీత,
జరమొచ్చిన రోజు ఖాళీ.
మేస్త్రీ పుస్తకంలో బాకీ పదకొండు రోజులు.
రేకు మీద యాభై నాలుగున్నర.

లేబరాఫీసులో సారు అడిగినాడు, "ఆధార ఎల్లి?"
మద్దమ్మ కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసింది.
అది కాదంట. రుజువంట.

మరుసటి సోమవారం
దురుగప్ప బోల్టులు విప్పినాడు.
బస్సులో ఎక్కనీలేదు.
లగేజీ ఆటోకు తలా నలభై వేసుకున్నాం.
బొగ్గు చెరక్కుండా పాత చీర చుట్టి
పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాం,
అంచులు మాత్రం చేతులు కోసినాయి.

సారు బల్ల మీద పరిచినాం.
ఫైళ్ళు కిందికి జారినాయి.
బల్ల గీసుకుపోతుందన్నాడు,
టీ తెమ్మన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు,
ఆఖరికి పెన్ను మొనతో లెక్కబెట్టడం మొదలుపెట్టినాడు.
ముప్పై దగ్గర తప్పినాడు.
"మళ్ళా మొదట్నుంచి సామీ" అనింది మద్దమ్మ.

రేకు అక్కడే పెట్టుకొని
చేతికొక నంబరు ఇచ్చినారు.
దుడ్డు కాదు, నంబరు.

ఆ రాత్రి వాన.
రేకు పోయిన పక్కకు సైటు ఫ్లెక్సీ కట్టినాం,
ఈతకొలను గట్టున నవ్వుతా ఎవరిదో కుటుంబం, తలకిందులుగా.
మద్దమ్మ మిగిలిన గోడ మీద
సగం గీత గీసింది.
ఈరోజు పనికి పోలేదు కదా అన్నాను.
"మద్దేనం దాకా సారుతో లెక్క పెట్టించినా గదా" అనింది.