ఉప్పు తిన్న రంగు

గోషామహల్‌ల మా షెడ్డు.
పొద్దంత తుప్పు గీకుడు,
రాత్రంత తుప్పు పెట్టుడు.
నా పనేందో మా ఇంట్ల ఎవరికీ సమజ్ గాదు.

మూడేండ్ల కింద
టోటల్ లాసు అని రాసి పంపిన కారొకటి వచ్చింది.
ముందు భాగం లేదు. డిక్కీ మాత్రం భద్రం.
అండ్ల ఒక అట్టడబ్బా,
ప్లాస్టిక్ కాడలకు కాయల్లెక్క అంటుకున్న
చక్రాలు, గొలుసులు, గొళ్ళేలు.
నాలుగే నాలుగు తెంపి ఉన్నయి.
దాని కోసం ఎవరూ రాలే.
నెల చూసిన. రెండు నెలలు చూసిన.
ఐదో తునక నేను తెంపిన.

ముప్పై అయిదో వంతు బండి.
"ఇది ట్యాంకు" అంటే
"నీళ్ళేవి నాయినా?" అన్నది మా చిన్నది.
ట్యాంక్‌బండ్ మీద పెరిగే పిల్ల, దాని తప్పేముంది.
పెద్దోళ్ళు ఇంకోటి అడుగుతరు: తోపు ఏది?
తోపు లేదు.
చెడిపోయిన ట్యాంకును బురదలకెంచి గుంజుకొచ్చే బండికి
తోపెందుకు, తాడు గావాలె.
కాలిపోయిన సీలింగ్ ఫ్యాను విప్పి
రాగితీగ పేని తాడు చేసిన.

కాడలు తెంపినంక ఆకురాయి.
ఆకురాయి అయినంక ఉప్పు.
ముందుగాల తుప్పు రంగు వెయ్యాలె,
మాడిన చింతపులుసు రంగు.
తడి ఆరకముందే దొడ్డుప్పు నలగ్గొట్టి చల్లాలె,
ఆడొకటి, ఈడొకటి, చెయ్యి ఆలోచించొద్దు.
దాని మీద ఫౌజు పచ్చ.
ఆరినంక తడిబ్రష్షుతోని ఉప్పు రాలగొడితే
ఉప్పు తిన్న చోటల్ల
లోపలి తుప్పు బయటికొస్తది.
ఉప్పు తిన్నోని కథ ఏడైన గంతే గద.

దుమ్ము మాత్రం నా మాట ఇనదు.
బొల్లారం నుంచి ఎర్రమట్టి తెచ్చి
మల్లుగుడ్డల జల్లించి చల్లితే
బండి పక్కన బండరాళ్ళు పడ్డట్టు కనబడ్డది.
మనిషినైతే రెండంగుళాలకు దించొచ్చు.
దుమ్మును దించలేం.
అది ఎప్పుడో దిగినంత దిగింది.

లోతుకుంట జకరయ్య సారు
ఇసొంటి బండి మీదనే పద్నాలుగేండ్లు చేసిండట ఫౌజుల.
స్కూటరు సొట్టలు తీపిచ్చుకుంట దోస్తయిండు.
ఒక ఐతారం తీసుకపోయి చూపెట్టిన.

"తుప్పు మంచిగ పెట్టినవ్ బిడ్డా," అన్నడు,
"మా సాబ్ చూస్తే లోపలేసేటోడు.
తుప్పు ఉండనిస్తమా మేము?
పొద్దుగాల లేస్తే డీజిల్ గుడ్డ పట్టి తుడుసుడే."
మూడు నెలల నా ఉప్పు
ఆయన బల్ల మీద అట్లనే కూసున్నది.

అటెన్క అద్దాలు తీసి, కండ్లు మూసుకొని
బొటనవేలుతోని బండి ఎడమపక్క తడిమిండు.
పైమూతకు కింద, మెట్టు పక్కన ఆగిండు.
"ఈడ రంగు ఉండదు.
ఎక్కేటప్పుడు అందరం ఈడనే చెయ్యేసేది.
ఠాకూర్. పిళ్ళై. నేను. ఆ పిలగాడు..."
నాలుగో వేలు ముడిచింది ముడిచినట్లే ఉన్నది.
పేరు యాదికి రాలేనో, చెప్పబుద్ధి కాలేనో.
నేను అడగలే.
చాయ్ పోసిండు. తాగిన.

ఇంటికొచ్చి తుప్పంత పచ్చరంగుతోని మూసేసిన.
మా చిన్నదాని పెన్సిల్ ముల్లు అరగదీసి
ఆ పొడి వేలుకద్దుకొని
ఆ ఒక్క చోట రుద్దిన.
రుద్దంగ రుద్దంగ ఇనుము తేలింది,
నువ్వుగింజంత మెరుపు.
అది ప్లాస్టిక్ అని నాకెరుకే.

తెల్లారి షెడ్ల ఒక పాత మారుతి.
డ్రైవర్ తలుపు పిడి కింద
ఎవరిదో ఉంగరం ఏండ్లకేండ్లు గీరి
నెలవంక అసొంటి గుంట పడ్డది.
కొత్తదాని లెక్క చెయ్యమన్నడు కొన్నాయన,
పన్నెండొందలకు ఒప్పుకున్నడు.
గరుకు కాయితం చేతుల పట్టుకొని
కొద్దిసేపు నిలబడ్డ.
పని పనే గద.
తడిపి, రుద్దిన.