చెయ్యి అడ్డం

మర్రిగూడ బడిల, ఏడో తరగతి.
సైదమ్మ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం బెడ్తది.
పండ్ల మీద బోరునీళ్ళు గీసిన
గోధుమరంగు గీతలు.
"తుప్పు" అని పేరుబెట్టింది నేనే.
మా నాయిన మోకాళ్ళు వంగింది గూడ
ఆ నీళ్ళకేనని తెల్వక గాదు.

హాజరు పిలుస్తుంటే ఎవడో
"తుప్పు, ప్రెజెంట్ టీచర్" అన్నడు.
అండాలు టీచర్ రిజిస్టర్ మూసింది.
కొట్టలే. ఎవడని గూడ అడగలే.
"నవ్వనోళ్ళు లేవుండ్రి" అన్నది.

ఒక్క బెంచీ కదల్లే.
ఫ్యాను కిర్రుమంటనే ఉన్నది.

శానసేపటికి నేను లేచిన.
"నవ్విన టీచర్. పేరు గూడ నాదే."

అన్నం బెల్లుకు
సైదమ్మ పక్కన నా పళ్ళెం బెట్టిన.
జరగలే. మాట్లాడలే.
గుడ్డు పెంకు తీసెటందుకు మాత్రం
రెండు చేతులూ గావాలె.