మైనస్ పద్దెనిమిది

లాప్‌లాండ్‌లో తొడుక్కున్న కోటు
పెదజాలరిపేటలో మేకుకి వేలాడుతోంది.
ఫిబ్రవరికే ఉక్క.
ఫ్యాను గాలి కూడా ఉప్పగా అంటుకుంటోంది.

నూకరత్నం పిన్నికి ఫోన్లో చూపిస్తున్నాను:
ఇది బోడికొండ పిన్నీ,
చెట్లు నడుం దాకా ఎక్కి
ఇక మా వల్ల కాదని ఆగిపోయాయి.
దుప్పుల్లాంటివి రోడ్డు దాటుతుంటే
బస్సే ఆగి నిలబడింది.
మధ్యాహ్నం రెండింటికే దీపాలు.

"సలెంతేటి?"
మైనస్ పద్దెనిమిది, అన్నాను గొప్పగా.
"మా రొయ్యల కంపినీ గదీ అంతే.
పద్నాలుగేళ్ళు. టిక్కెట్టు లేదు నాకు."

నవ్వబోయి ఆగాను.
ఆ కొండమీద నేను పది నిమిషాలున్నాను,
ఏడు ఫొటోలు తీసుకున్నాను,
వేడివేడి పళ్ళరసం కోసం
లోపలికి పరిగెత్తాను.

"ఆ కొండకి తలుపుంటాదేటి?"
లేదు పిన్నీ.
"మరి బయటికెలాగొత్తారు?"

నేను జవాబు వెతుక్కుంటుంటే
కొండని దగ్గరగా చూద్దామని
తెర మీద వేలు పెట్టి లాగింది.
ఒకసారి.
ఇంకోసారి, కాస్త గట్టిగా.
కొండ కదల్లేదు.
ఐసు నున్నగా అరగదీసిన ఆ వేలిని
ఫోను గుర్తుపట్టలేదు.

"నువ్వే లాగు బాబూ," అంది,
చెయ్యి కొంగులోకి తీసుకుంటూ.