ఎంగిలి

జోరీగ ఏ గేదె దగ్గరా కడుపునిండా తినదు.
తోక విదులుతుంది, చర్మం జలదరిస్తుంది,
కత్తుల నోరు సగంలో ఊడొస్తుంది.
ఆకలి ఎక్కడికి పోతుంది?
మూతి తడారకముందే
పక్క సాలలోకి ఎగిరిపోతుంది.

హిరమండలం దిగువన, వంశధార కాలవ పక్క,
దాలమ్మ సాలకీ కూర్మినాయుడి సాలకీ మధ్య
ఒక గోర్జి. బారెడు వెడల్పు.
గట్టు తగువు నాటినించీ పదకొండేళ్ళు
దాన్ని దాటి నిప్పు వెళ్ళలేదు, మజ్జిగ రాలేదు.
చావుకి కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.
ఇంక ఎంగిలిపడటమన్న మాటెక్కడిది?

జోరీగకి ఆ సంగతి తెలీదు.

చవితి వెళ్ళిన మూడోవారం
దాలమ్మ గేదె మేత మానేసింది.
జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది.
పాలు రెండు సోలలకి దిగిపోయాయి.
ఆ పైన ఒకనాడు రాట చుట్టూ
గానుగకి కట్టినట్టు తిరగడం మొదలెట్టింది.
కళ్ళు తెరిచే ఉన్నాయి, గోడ కనబడదు.
"గాలి సోకినాది బాబూ, ఆళ్ళే ఏటో సేయించినారు"
అని ఎదర సాలకేసి గెడ్డం ఎగరేసింది.

చెవి అంచున సూదితో పొడిచి
గాజు పలక మీద ఒక చుక్క పట్టాను.
ఆస్పత్రి మైక్రోస్కోపు మసక అద్దం కింద
ఎర్ర కణాల్ని తోసుకుంటూ
మడుగులో వానపాముల్లా...
కాదు, వానపాములకి అంత తొందరుండదు.
"సర్రా" అన్నాడు డాక్టరు తలెత్తకుండానే.

మందు సీసా ఒకటే.
నీళ్ళు కలిపితే దాచడానికి లేదు.
బక్క గేదెకి పొడవగా ఇంకా సగం మిగిలింది.
ఎదర సాలలో గేదె నిన్నటినించీ కుడితి ముట్టలేదనీ,
ఇది చేతబడి కాదు, ఈగ మూతి తడనీ చెప్పాను.

దాలమ్మ చాలాసేపు మాటాడలేదు.
పేడ తట్ట ఇటునించి అటు మార్చింది.
మళ్ళీ ఇటే పెట్టింది.
"నా డబ్బుల్తో కొన్న మందే కదా అది?"
"అవునమ్మా."
"పారబోస్తావేటి మరి? అట్టుకెల్లు.
నాను సెప్పినానని మాత్రం సెప్పకు."

గోర్జి దాటడానికి నాలుగడుగులు.
మూడో అడుగులో నా మెడ మీద ఏదో వాలింది.
విదిలించాను.
ఎటు పోయిందో చూడలేదు.