తడిసిన ఈపు

ఇలగ రా గుంటా. పేరేటన్నావు, దమయంతా?
పలక తరవాత పట్టొచ్చు.
ముందు కాళ్ళ పట్టీలు తీసీ, ఎండకి కాల్తాయి.
తలకి ఈ తువ్వాలు సుట్టు.
పొడిది కాదే, తడిపి.

నౌపడా అంతా ఎండంటే తలుపులేసుకుంటాది,
మనకి ఎండే వాన.
రోహిణి కార్తెకి రోళ్ళు పగిల్తేనే
మన మడి పండినట్టు.
మబ్బేస్తే మేస్త్రి మొకం మాడిపోద్ది,
ఎండ కాస్తే మన మొకాలు.
ఒకటే సూరీడు మరి.

ఒకటే అంటన్నాను గానీ, కిందకి సూడు.
మడి నీళ్ళలో ఇంకోడున్నాడు.
పైవోడు నెత్తి మీద కొడితే
కిందోడు గెడ్డం కింద కాలుస్తాడు.
గొడుగు ఆడికి అడ్డం రాదు.

దాహమేసినాక తాగుదామనుకోకు.
దాహం ఆలీసంగా వొచ్చే సుట్టం,
అది వొచ్చీసరికే లోపల సగం కాలిపోయుంటాది.
ఆ కుండలో తరవాణి ఉంది,
ఉప్పేసి, నీరుల్లి నలిపీసి ఉంచినాను.
నవ్వుతావేటి?
ఇన్ని ఉప్పురాసుల మజ్జిన నిలబడి
ఒంట్లో ఉప్పు నేక పడిపోయినోళ్ళని సూసినాను నాను.

మరుగు నేదని నీళ్ళు మానీకు.
ఆ తుప్పల ఎనకాల గోనెలు కట్టినాం, మన ఆడోళ్ళకే.
ఎళ్ళినప్పుడు రంగు సూసుకో.
నువ్వులనూనె నాగుంటే
ఆ పూట నీడన కుచ్చో, కూలి పోతే పోనీ.

దండాసి సంగతి నీకెవలూ సెప్పనేదా?

రెండేళ్ళ కిందట.
గుణుపూరు రైలు ఎళ్ళిపోనాది, పదకొండు దాటింది.
అందరం సెమటకి ముద్దయిపోయినాం,
ఆడి ఒంటి మీద మాత్రం సుక్క నేదు.
"ఈడికి ఎండ పట్టదే, అదురుష్టం" అన్నాం.
అన్నది నానే.
నవ్వినది కూడా నానే.

కాసేపటికి ఎప్పుడో సచ్చిపోయిన ఎద్దుని పిలిచినాడు.
"రావుడూ, కాడి దించీరా" అన్నాడు.
అనీసి గట్టు మీద,
మంచం మీద పడుకున్నట్టే పడుకున్నాడు.
ముట్టుకుంటే పెనం.

లారీ కిందకి ఈడ్సినాం, నీడ అక్కడే ఉంది.
తాగే నీళ్ళు ఒక్క క్యానుంటే
ఉన్నదంతా ఆడి మీద గుమ్మరించీసినాం.
కూర్మయ్య గళాసు నోటికెట్టబోతే సెయ్యి తోసీసినాను,
తెలివి నేనోడికి నోట్లో పోస్తే ఊపిరి మునిగిపోద్ది.
నా కోక ఇప్పి తడిపి కప్పినాను.
సిగ్గు తరవాతెప్పుడైనా పడొచ్చు.
మెడకి, సంకలకి తడిగుడ్డలు,
ఉప్పుసంచీ పట్టుకుని ఇసురు, ఇసురు, ఇసురు.
టెక్కలి నుంచి నూటెనిమిది బండి వొచ్చీదాకా
సేతులు ఆగనేదు. నావి ఇప్పటికీ రాత్రులు ఇసురుతాయి.

బతికినాడు.
కానీ ఎండలోకి రానేడు.
గోదాం కాడ సంచీలు లెక్కెడతాడు,
లెక్క తప్పుతాడు, మళ్ళీ ఎడతాడు.

అందుకే ఇప్పుడు తెల్లారగట్ల నాలుక్కే దిగతన్నాం,
సెల్లు లైట్లు నెత్తికి కట్టుకుని.
పదికి గంట.
అదిగో, ఆ ఏలాడే పట్టాముక్క. కొట్టేది దండాసే.
"ఇంకో అరగంటాగరా, పంట బాగుంది" అంటాడు మేస్త్రి.
దండాసికి అన్నీ వినపడతాయి,
ఆ మాట ఒక్కటే వినపడదు.
గంట మోగిందా, మడిలో బంగారం తేలినా
ఒగ్గీసి రా.

పలక పట్టు ఇంక.
ఏదీ, అటు తిరుగు.
తడిసింది నీ ఈపు. బాగుంది, అలగే ఉండనీ.
గడియకోసారి నాది కూడా సూస్తుండే,
ఎండిపోతే అరువు.
ఎవల ఈపు ఆళ్ళకి అగుపడదు.