లెఫ్ట్ ఫీల్డ్ వెనక చేను

మొరావియాలో ఏప్రిల్లో కూడా మంచు పడుతుంది.
పొద్దున ఏడింటికి పార పట్టుకుని
పిచర్ నిలబడే దిబ్బ మీద మంచు గీకుతుంటే
కుక్కతో నడిచొచ్చిన ముసలాయన ఆగి
ఏం పాతిపెడుతున్నావని అడిగాడు.
అడిగాడనే అనుకున్నాను.
అప్పటికి నాకొచ్చిన చెక్ మాటలు పదకొండు,
అందులో నాలుగు రొట్టెల పేర్లు.

కాంట్రాక్టులో నా పని రెండు మాటలు:
ఆటగాడు, కోచ్.
రాయకుండా వదిలేసినవి
గడ్డి కొయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం,
వ్యాన్ నడపడం, కొండెక్కేటప్పుడు దాన్ని తొయ్యడం.
మైదానం ఫుట్‌బాల్ వాళ్ళది కూడా.
అందుకని ఆట కాగానే బేసులు పీకి
హోమ్ ప్లేటును గదికి తెచ్చి, కడిగి,
మంచం కింద పెట్టుకుంటాను.
ఇంటావిడ క్వేతా ఊడ్చేటప్పుడు
చీపురుతో దాన్ని బయటికి లాగి,
కింద తుడిచి,
మళ్ళీ అక్కడికే తోస్తుంది.

నా షార్ట్‌స్టాప్ ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తాడు.
సైరన్ మోగిందంటే
ఇన్నింగ్స్ మధ్యలో గ్లవ్ నా చేతిలో పెట్టి పరుగు.
సెకండ్ బేస్ ఒటకర్ పళ్ళ డాక్టరు చదువుతున్నాడు;
నేను నవ్వినప్పుడల్లా
ఉచితంగా దిగులుపడతాడు.
ముప్పై ఆరేళ్ళ నా మోకాళ్ళు
బ్యాటర్ వెనక గొంతుక్కూర్చున్న ప్రతిసారీ
ఎండుమిరపకాయలు తుంచిన చప్పుడు చేస్తాయి.

బార్కిసిమేతో నుంచి తమ్ముడు ఫోన్ చేసి
స్టేడియం నిండిందా అంటాడు.
నిండింది అంటాను.
ఉన్నవి మూడు బెంచీలు. అబద్ధమేం కాదు.

మంగళ, గురువారాలు పిల్లలవి.
పదేళ్ళ వెందుల, బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటుంది.
నేను స్పానిష్‌లో బతిమాలుతాను.
పొగుడుతున్నానని మురిసిపోతుంది.
ఇక చాలు, చీకటి పడింది అంటే
ఒక వేలెత్తి, "యెష్టె."
ఇంకొకటి.

ఆ మాట నాకు కొలువు కుదిర్చినంత పని చేసింది.
మోకాలు నొప్పిగా ఉందా?
యెష్టె. ఇంకా.
జీతం పడిందా?
యెష్టె నె. ఇంకా లేదు.
వచ్చే ఏడు కూడా ఉంటావా అని క్లబ్బు పెద్ద అడిగితే
మొదటి ముక్క మాత్రం పలికి
సూప్ తాగుతూ కూర్చున్నాను.

మే నెలలో లెఫ్ట్ ఫీల్డ్ కంచె వెనక
చేనంతా పసుపు, ఆవపూలకు అక్కలాగా.
అందులో పడ్డ బంతి పడ్డట్టే.
ఒక్కో బంతి నాకు రెండు పూటల భోజనం.
హోమ్ రన్ కొట్టినవాడికి చప్పట్లు కొడుతూ
మనసులో కూడికలు వేసుకునే కోచ్
ఇంకెవడైనా ఉన్నాడో లేడో.
నేనూ కొట్టాను ఒకటి, మే పందొమ్మిదిన.
థర్డ్ బేస్ తిరుగుతూ అటు చూశాను.
పూలు ఒక్కచోట కదిలి
మళ్ళీ మూసుకున్నాయి.

జూలై చివర కోత అయింది.
చేను గలాయన స్లావిచెక్ ట్రాక్టరు దిగి
పాల బకెట్టు నా ముందు పెట్టాడు.
ఇరవై మూడు బంతులు.
కొన్ని వానకు ఉబ్బి, కొన్ని కుట్లు విడిపోయి,
ఒకదానికి తోలు పూర్తిగా ఊడి లోపలి ఉన్ని బయటపడి.
ఆట ఆయనెప్పుడూ చూడలేదట.
ఒక బంతిని అరచేతిలో అటూ ఇటూ తిప్పి,
ఈ గుడ్డు పెట్టే పిట్ట ఏదయ్యా అన్నాడు.
ఈసారి నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది.
అర్థమైందన్న సంతోషంలో
జవాబు చెప్పడం మరిచిపోయాను.

తోలు ఊడిన బంతి వెందులకిచ్చాను.
ఉన్ని కొస ఒకటి ఫస్ట్ బేస్‌కి కట్టి
విప్పుకుంటూ నడిచింది.
సెకండ్. థర్డ్.
మళ్ళీ ఫస్ట్.
బంతి చిక్కుతోంది గానీ దారం అయిపోవడం లేదు.
క్వేతా భోజనానికి ఎదురుచూస్తుంటుంది,
రేపు పొద్దున ఫుట్‌బాల్ వాళ్ళొస్తారు.
అటు తిరిగే లోపు ఆ పిల్ల వేలెత్తింది.

చంకలో హోమ్ ప్లేటుతో
దారం తెగకుండా
కాలెత్తి దాటాను.