తగ్గింపు రేటు

గోబీలో గాలికి సెలవు లేదు.
పేజీని బొటనవేలితో అదిమిపట్టి రాస్తున్నాను:
తేమ ఏడు శాతం, బూడిద పదకొండు,
పొర మందం పద్నాలుగు మీటర్లు,
సరిహద్దుకు రెండు వందల నలభై కిలోమీటర్లు,
దారి పొడుగునా ఆగిపోయిన లారీలు.
వాటిలో ఒకటి మా తమ్ముడు దవాఖూది.
ఆరో రోజు. స్టీరింగ్ మీద తల ఆన్చి నిద్ర.

టొరంటో నుంచి ముగ్గురొచ్చారు.
కొత్త బూట్లు, పాత తొందర.
"గని ఆయుష్షు ఎంత?"
ఇరవై రెండేళ్ళు, అన్నాను
ఎవరి జాతకమో చదివినట్టు.
"ప్రభుత్వం మారితే?"
పన్ను మారుతుంది.
"రైలు?"
మీ డబ్బొస్తే వస్తుంది.
(రైలొస్తే తమ్ముడి పడిగాపులు పోతాయి,
వాటితోపాటే జీతమూ.
ఇది వాళ్ళు అడగలేదు.)
నీళ్ళ గురించి అనుబంధంలో
నాలుగు పంక్తులున్నాయి.

సాయంత్రం త్సెవెల్మా గుడారానికి తీసుకెళ్ళాను.
ఉప్పు టీ ఇచ్చింది. పెదవులు తడిపి కింద పెట్టారు.
పొద్దున కోసిన మేక ఊపిరితిత్తులు
పళ్ళెంలో తెచ్చి దీపం పక్కన పెట్టింది.
అంచులు నల్లగా,
పొయ్యి దించిన కుండ అడుగులా.
"దీన్ని కూడా ల్యాబ్‌కి పంపుతారా?"
నేను అనువదించాను.
'కూడా' అన్న మాట ఎక్కడో జారిపోయింది,
కావాలనో, అలవాటునో.

రాత్రి లెక్క వేశాను.
పన్నెండు శాతం తగ్గింపు రేటు మీద
ఇరవై రెండో ఏట వచ్చే వంద డాలర్లు
ఇవాళ ఎనిమిది, పైన చిల్లర.
ఊరికే, అదే గడిలో బావిని పెట్టి చూశాను.
అప్పటికి ఎండిపోయే బావి
ఇవాళ్టి లెక్కలో పన్నెండో వంతే ఎండుతోంది.
మిగతా దాహమంతా
ఇంకా పుట్టని ఒంటెల పద్దులో.
సూత్రం సరైనదే. రెండుసార్లు సరిచూశాను.

తెల్లారి బయల్దేరుతుంటే
త్సెవెల్మా పెనిమిటి చులూన్
జీపు చుట్టూ ఒకసారి తిరిగి అన్నాడు:
"వీళ్ళు గుర్రం కొనేవాళ్ళలా లేరమ్మా.
పళ్ళు చూడలేదు, డెక్క ఎత్తి చూడలేదు,
ఎంత దూరం పరిగెత్తి చస్తుందని మాత్రం అడిగారు."

ఇది మాత్రం
ఒక్క మాట జారకుండా అనువదించాను.

ఒకతను నవ్వాడు.
ఒకతను గడియారం చూసుకున్నాడు.
మూడో ఆమె నివేదిక తెరిచి
నీళ్ళ పేజీ వెతకబోయింది.
గాలి
ఆమెకంటే ముందే పేజీలు తిప్పేసింది.